వేటను చూసేవారు: 'ది రన్నింగ్ మ్యాన్' చిత్రంలో ప్రేక్షకుని స్థానం

మనిషిని మనుషులు వేటాడుతుండగా ఆ వేటను టెలివిజన్ ప్రసారం చేయడం, దేశమంతా ఇళ్లలో కూర్చుని దాన్ని చూడడం అనే ఇతివృత్తం ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో పాశ్చాత్య కథాసాహిత్యంలో రూపుదిద్దుకొని చలనచిత్రాలలోకి ప్రవేశించింది. పాల్ మైకేల్ గ్లేజర్ దర్శకత్వంలో, ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కథానాయకుడిగా 1987 నవంబరులో విడుదలైన అమెరికన్ చిత్రం 'ది రన్నింగ్ మ్యాన్' ఈ కోవకు చెందిన రచనలలో విస్తృత ప్రచారం పొందినది. ఇటువంటి చిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడు ప్రాచీన రోమన్ గ్లాడియేటర్ల పోరాటాలతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక తప్పు కాదు గాని, అది ఎక్కువ దూరం తీసుకుపోదు. రోమన్ రంగస్థలిలో చూసేవాడూ కనిపిస్తాడు. చచ్చేవాడు తలెత్తితే చూసేవాడి ముఖం ఎదురవుతుంది. టెలివిజన్ ప్రేక్షకుడు అదృశ్యుడు. అందువల్ల చావుకు బాధ్యులెవరన్న ప్రశ్న ఇక్కడ కొత్త రూపం ధరిస్తుంది. ఒకే కథాబీజం చేతులు మారిన ప్రతిసారీ ఈ ప్రశ్నకు సమాధానం ఎలా మారుతూ వచ్చిందో, 1987 నాటి చిత్రం అందులో ఏం చేసిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఈ బీజాన్ని స్పష్టమైన రూపంలో నాటినవాడు అమెరికన్ రచయిత రాబర్ట్ షెక్లీ. 1958లో వెలువడిన అతని కథ 'ది ప్రైజ్ ఆఫ్ పెరిల్'లో జిమ్ రేడర్ అనే సామాన్యుడు బహుమతి కోసం తానే ముందుకు వచ్చి, వారం రోజులపాటు హంతక ముఠాకు దొరక్కుండా తప్పించుకోవాలన్న పందెంలో దిగుతాడు. షెక్లీ చేసిన కీలకమైన కల్పన ప్రేక్షకులను ఆటలో భాగస్వాములను చేయడం. తెర మీద రేడర్‌ను చూస్తున్నవారిలో కొందరు అతణ్ణి దాచుతారు, వాహనమిచ్చి దాటిస్తారు. మరికొందరు అతని జాడను హంతకులకు అందిస్తారు. చూడడమూ, చేయడమూ అన్న భేదం ఇక్కడ చెరిగిపోతుంది. ఇది వెలువడిన కొద్ది నెలలకే అమెరికాలో టెలివిజన్ క్విజ్ పోటీల కుంభకోణం బయటపడింది. పోటీదారులకు జవాబులు ముందే అందజేసిన సంగతి వెల్లడైంది. కథ ఆ కుంభకోణానికి ప్రతిస్పందన కాదు, దానికి ముందటిది. తెర మీది సామాన్యుడిని దేశమంతా తనవాడిగా భావించే మనస్తత్వం అప్పటికే గాలిలో ఉంది; షెక్లీ దాన్ని పసిగట్టాడు.

ఈ కథకు తొలి ప్రధాన దృశ్యరూపం అమెరికాలో రాలేదు. వోల్ఫ్‌గాంగ్ మెంగే రచనతో, టామ్ టోల్లే దర్శకత్వంలో పశ్చిమ జర్మనీ టెలివిజన్ 1970 అక్టోబరు 18న 'దాస్ మిలియోనెన్‌ష్పీల్' అనే చిత్రాన్ని ప్రసారం చేసింది. పోటీదారు ఏడు రోజులు బతికి బయటపడితే పది లక్షల మార్కులు. వెంటాడేది ముగ్గురు సభ్యుల ముఠా. రూపంలో అది సినిమాలా కాక అచ్చం వినోద కార్యక్రమంలా సాగుతుంది. వ్యాఖ్యాత పాత్రను పోషించిన డీటర్ థామస్ హెక్ నిజజీవితంలోనూ పేరున్న టెలివిజన్ వ్యాఖ్యాత. నడుమ నడుమ కల్పిత వాణిజ్య ప్రకటనలు, నృత్యాలు, బాటసారులతో ముఖాముఖీలు వస్తాయి. ఫలితం రచయిత ఊహను మించింది. ప్రేక్షకులలో కొందరు దాన్ని నిజమని నమ్మారు. నిరసన తెలిపినవారు ఉన్నారు. అది ఆశ్చర్యం కాదు. పోటీలో తమకు అవకాశం ఇమ్మని అడిగినవారూ ఉన్నారు. వారిలో కొందరు వేటాడబడేవారిగా గాక వేటగాళ్లుగా చేరడానికి సిద్ధపడ్డారు. కథలో షెక్లీ ఊహించిన సహాయకులూ జాడ చెప్పేవారూ ఇలా కథ వెలుపల, నిజమైన ఇళ్లలో ప్రత్యక్షమయ్యారు. సాహిత్య ప్రభావాన్ని అంచనా వేయడానికి పరిశోధకులకు ఇంత నేరుగా సాక్ష్యం దొరకడం అరుదు. తరువాత హక్కుల వివాదం కారణంగా ఈ చిత్రం దశాబ్దాలపాటు పునఃప్రసారానికి నోచుకోలేదు. 2002లో గాని మళ్లీ తెరమీదికి రాలేదు.

ఇదే కథను ఫ్రెంచ్ దర్శకుడు ఈవ్ బోయిసే 1983లో 'ల ప్రీ ద్యు దాంజే' పేరుతో చిత్రంగా తీశాడు. ఆ తరువాత వచ్చిన 'ది రన్నింగ్ మ్యాన్' తన చిత్రానికి అనుకరణ అంటూ అతను వేసిన వ్యాజ్యం చాలాకాలం నడిచింది. ఆ వివాదం న్యాయశాస్త్ర విషయం. సాహిత్య విద్యార్థికి పనికొచ్చే అంశం వేరు: 'ది రన్నింగ్ మ్యాన్' అధికారికంగా ఆధారం చేసుకున్నది షెక్లీ కథను కాదు, స్టీఫెన్ కింగ్ 1982లో రిచర్డ్ బాక్‌మన్ అనే మారుపేరుతో ప్రచురించిన నవలను.

కింగ్ నవలలో బెన్ రిచర్డ్స్ నిరుద్యోగి. జబ్బుపడిన పసిబిడ్డకు మందులు కొనే స్తోమత లేక తనంతట తానే పోటీ సంస్థ గడప తొక్కుతాడు. ముప్పై రోజులు బతికితే వంద కోట్ల డాలర్లు. ఆటస్థలం దేశమంతటా విస్తరించి ఉంటుంది. ఎవరైనా అతణ్ణి పట్టివ్వవచ్చు. కనుక నవలలో నేరం మూడు చోట్ల ఉంటుంది: తండ్రిని ఈ స్థితికి నెట్టిన ఆర్థిక వ్యవస్థలో, ఆటను నడిపే సంస్థలో, కాసుల కోసం సాటి మనిషిని పట్టివ్వడానికి సిద్ధమైన పౌరునిలో. ముగింపులో రిచర్డ్స్ విమానాన్ని ఆ సంస్థ భవనంలోకే నడిపి తానూ నశిస్తాడు. అక్కడ విజేత ఎవరూ మిగలరు.

స్టీవెన్ ఇ. డిసూజా రాసిన చిత్రానువాదం ఈ నిర్మాణాన్ని దాదాపు పూర్తిగా తిరగరాసింది. చిత్రంలో రిచర్డ్స్ పోలీసు హెలికాప్టర్ చోదకుడు. ఆకలితో గుమిగూడిన నిరాయుధ ప్రజల మీద కాల్పులు జరపమన్న ఆజ్ఞను ధిక్కరిస్తాడు. అయితే ఆ మారణకాండను అతనే చేసినట్టు దృశ్యాలను కూర్చి ప్రచారం చేస్తారు. చెరసాల నుంచి తప్పించుకొని పట్టుబడ్డాక అతణ్ణి బలవంతంగా ఆటలోకి దింపుతారు. జబ్బుపడిన బిడ్డ లేదు, పేద తండ్రి లేడు. స్వచ్ఛందంగా వచ్చిన పోటీదారు స్థానంలో నిర్దోషి అయిన ఖైదీ వచ్చాడు. ఆటస్థలం కూడా దేశం నుంచి గోడలు కట్టిన ఒక ప్రాంతానికి కుదించుకుపోయింది. దానితో ప్రేక్షకుడు వేటగాడిని దారిలో ఎదుర్కొనే అవకాశమే పోయింది. అతనికి మిగిలింది చప్పట్లు కొట్టడం, పందెం కాయడం.

ఇది నష్టమే. బక్కచిక్కిన నిస్సహాయుడి చోట కండలు తిరిగిన వీరుణ్ణి నిలపడం కేవలం నటుని ఎంపిక వల్ల కలిగిన మార్పు కాదు. నవల అడిగిన పేదరికపు ప్రశ్ననే అది తొలగించింది. అయితే అదే చేత్తో చిత్రం కొత్త అంశం ఒకటి తెచ్చింది. అది కృత్రిమ దృశ్యం. గత పోటీలలో గెలిచారని ప్రకటించినవారు విహారస్థలంలో హాయిగా ఉన్నట్టు తెరమీద చూపుతారు. ఆటస్థలంలో రిచర్డ్స్‌కు కనిపించేవి వారి శవాలు. చివరికి వేటగాళ్లు విఫలమైనప్పుడు, వేరే మనుషుల దేహాలకు రిచర్డ్స్, ఆంబర్‌ల ముఖాలు అతికించి, కెప్టెన్ ఫ్రీడమ్ అనే వీరుడు వారిని చంపినట్టు ప్రసారం చేస్తారు. జనం అది నిజమని నమ్ముతారు. 1987లో ఇది సాంకేతిక కల్పన. ఈనాటి పాఠకుడికి వివరణ అవసరం లేదు.

ఈ సందర్భంలో భరతుని నాట్యశాస్త్రం గుర్తుకు రావడం సహజం. యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగర ముట్టడి వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదనీ, ప్రవేశకం ద్వారా సూచించాలనీ ఆ శాస్త్రం నియమం చెప్పింది. ఆలంకారికులు చూసేవాణ్ణి 'సామాజికుడు' అన్నారు. సభలో కూర్చున్నవాడన్నది ఆ మాటకు అర్థం. అతనికి సభామర్యాద ఉంటుందన్న భావమూ అందులో ఇమిడి ఉంది. టెలివిజన్ వేట ఆ నియమాన్ని తలకిందులు చేస్తుంది: చావు తప్ప తక్కినదంతా సూచనగా మిగిలి, చావొక్కటే ప్రత్యక్షమవుతుంది. చిత్రంలోని కృత్రిమ దృశ్యాన్ని వికృతమైన ప్రవేశకం అనవచ్చునేమో; జరగని చావును అది నివేదిస్తుంది.

వ్యాఖ్యాత డామన్ కిలియన్ పాత్రకు రిచర్డ్ డాసన్‌ను ఎంచుకోవడం చిత్రంలో అత్యుత్తమ నిర్ణయం. 1976 నుంచి 1985 వరకు 'ఫ్యామిలీ ఫ్యూడ్' అనే అమెరికన్ ఆటల కార్యక్రమాన్ని నడిపిన డాసన్, అదే చిరునవ్వును, వృద్ధ స్త్రీలతో అదే చనువును ఇక్కడికి తెచ్చాడు. జర్మన్ చిత్రంలో హెక్ చేసిన పనే ఇది. క్రూరుడు క్రూరుడిగా కనిపించడు. రోజూ సాయంత్రం ఇంటికి వచ్చే చుట్టంలా కనిపిస్తాడు.

చిత్రకథ మొదలయ్యే కాలం 2017. సరిగ్గా ఆ ఏడాదే తెలుగులో 'బిగ్ బాస్' ప్రారంభమైంది. యాదృచ్ఛికమైన ఈ కలయిక మీద ఎక్కువ బరువు మోపకూడదు. అక్కడ ఎవరూ చావరు. ప్రేక్షకుల ఓటు వల్ల ఒకరు ఇల్లు విడిచి పోతారు, అంతే. కానీ ఒకరి నిష్క్రమణను నిర్ణయించే హక్కు తనదేనన్న తృప్తిని ప్రేక్షకుడికి పంచే పద్ధతి ఈ వేట కథలకు దూరమైనది కాదు. 2025లో ఎడ్గర్ రైట్ తీసిన కొత్త 'ది రన్నింగ్ మ్యాన్' మళ్లీ నవల వైపు మళ్లింది. జబ్బుపడిన బిడ్డ తండ్రి తానే ఆటకు వస్తాడు. 1987 నాటి చిత్రం తీసేసిన అంశం ఎంత ముఖ్యమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

అయినా పాత చిత్రం తన ప్రేక్షకుణ్ణి పూర్తిగా నిర్దోషిగా వదిలిపెట్టలేకపోయింది. ప్రజలు మోసపోయారు, నిజం తెలిస్తే మారతారన్నది చిత్రం బాహ్యంగా చేసే వాదన. వేటగాళ్లు ఓడిపోతున్నకొద్దీ స్టూడియోలోని ఒక వృద్ధురాలు తరువాతి హత్య చేసేవాడు రిచర్డ్సే అని పందెం కాస్తుంది. ఆమె న్యాయం వైపు మారలేదు, గెలుస్తున్నవాడి వైపు మారింది. అసలు దృశ్యాలు ప్రసారమై కిలియన్ అబద్ధం బయటపడిన తరువాత, రిచర్డ్స్ అతణ్ణి పోటీదారులను పంపే బండిలోనే కూర్చోబెట్టి సొరంగంలోకి తోస్తాడు. అది దూసుకుపోయి ప్రకటన ఫలకాన్ని ఢీకొని పేలిపోతుంది. జనం కేరింతలు కొడతారు. అరగంట క్రితం రిచర్డ్స్ చావు కోసం కొట్టిన కేరింతలూ అవే, కొట్టినవారూ వారే.