మార్జాల రక్షణము

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునందురు. అట్టి కూనలను సంచిలో గట్టి యూరివెలుపల విడుచుట మన పల్లెలలో గలదు. ఒక వృత్తాంతము వినుడు.

1896లో బొంబాయిలో ప్రబలిన ప్లేగు 1898లో మదనపల్లె, పుంగనూరు, కుప్పములకు పొరుగైన బెంగుళూరును బట్టెను. ఎలుకల మేనినుండు పురుగులే ఆ తెగులును మోయునని ఆ యేడే సీమాఁ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. పిల్లులు మెండుగానున్న యూళ్లలో ప్లేగు స్వల్పమని విదర్భలోని అమరావతి వైద్యాధికారి ఆండ్రూ బుకానన్ 1908లో ప్రకటించి, వానిని పెంచుడని బోధించెను.

పిల్లికిని ఆ తెగులు సోకునని నేడెరుగుదుము. కావున నది మందు గాదు. మన గాదెలకడ ప్రాణమొడ్డి నిలిచిన కావలి. దిక్కులేని కూనను రెండునెలలు తల్లికడనే యుంచి సాకి, పిదప కోరినవారి కప్పగింపుడు. ఏడిండ్లు తిరిగినదానికి నిలుకడగా నొకయిల్లు చూపుట గృహస్థధర్మము.