పడవ వెనుక రెండు పలకలు



షికారుకు వాడే స్పీడు పడవల వెనుక, అడుగు అంచున, కుడి ఎడమల రెండు స్టీలు పలకలు ఉంటాయి. వాటి పేరు ట్రిమ్ ట్యాబ్‌లు. మన తీరంలో చేపల పడవలకు ఇవి దాదాపు కనపడవు. మనవాళ్లు వెనకబడ్డారు కాబట్టే లేవని కొందరు తేలిగ్గా అనేస్తారు. చరిత్ర చూస్తే సంగతి వేరు.

1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ ఔట్‌బోర్డు ఇంజన్ల వ్యాపారం మొదలుపెట్టాడు. క్రమంగా చిన్న పడవలకు కూడా వేగం వచ్చింది. వేగంతో ఒక చిక్కు. పడవ నీటి మీదికి తేలే లోపల ముక్కు పైకి లేస్తుంది, వెనుక భాగం కుంగుతుంది, నడిపేవాడికి ముందు దారి కనపడదు. 1960లో మయామీ నుంచి నసావు దాకా జరిగిన పందెంలో రే హంట్ గీసిన మోపీ అనే పడవ గెలిచింది. దాని అడుగు లోతైన ‘వీ’ ఆకారం. ఆ తరువాత ఆ ఆకారం బాగా వ్యాపించింది. అది అలను చక్కగా కోస్తుంది గానీ, పక్క గాలికి, ఒక వైపు బరువుకు ఒరుగుతుంది. ఇలాంటి పడవలకు ఆ పలకలు బాగా పనికొస్తాయి. పలక కిందికి వంచితే నీరు దాన్ని పైకి తోస్తుంది, వెనుక లేస్తుంది, ముక్కు దిగుతుంది. ఒక పలకనే వంచితే ఒరుగు సరవుతుంది.

ఎంచుకోవడానికి వాడుకలో ఒక లెక్క ఉంది. పడవ పొడవు ఎన్ని అడుగులో, ఒక్కో పలక వెడల్పు కనీసం అన్ని అంగుళాలు. ఇరవై అడుగుల పడవకు పక్కకొకటి ఇరవై అంగుళాలది. బిగించేటప్పుడు ఇంజను ఫ్యానుకు నీరు అడ్డుపడకుండా దూరం ఉంచాలి. ప్రతి రంధ్రానికీ సీలెంటు నిండా పూయాలి. లేకపోతే నీరు లోపలి చెక్కలోకి దిగి కుళ్లిస్తుంది. అన్నిటికన్నా ముందు బరువులు సర్దాలి. గూడ్స్ వ్యాగనులో సరుకు ఒక పక్కకే వేస్తే ఏమవుతుందో రైల్వేలో పనిచేసిన మాకు తెలుసు. పడవకూ అదే న్యాయం.

ఇక మన తీరానికి వద్దాం. పూరీ ఒడ్డున తెలుగు మాట్లాడే నోలియాలు ఉన్నారు. వాళ్ల పూర్వీకులు ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లినవారు. అక్కడ రేవు లేదు. పడవ అల మీద ఎక్కి వచ్చి నేరుగా ఇసుకను తాకాలి. వెనుక కింద ఏది బిగించినా వంగిపోతుంది. పైగా వేగం లేని పడవకు ఆ పలకల బలం చాలదు. అందుకే దుంగలను తాళ్లతో కట్టిన తెప్ప నిలిచింది. అల దుంగల సందుల్లోంచి పోతుంది, మునగదు. తమిళులు దాన్ని కట్టుమరం అంటారు. ఇంగ్లీషు కాటమరాన్ ఆ మాటే.

1979లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ ఇంజనీర్లకూ మొదట ఎదురైన ప్రశ్న ఈ ఇసుకే. ఒడ్డు దగ్గర ఫ్యానును పైకి ఎత్తుకునేలా డీజిల్ ఇంజను అమర్చిన పడవలు చేశారు. ఒడిశా తీరంలోనూ అవి దిగాయి. అంటే చదువుకున్న ఇంజనీర్లు కూడా తెప్పవాళ్లకు తెలిసిన చోటు నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు ఫైబరు పడవలు వచ్చాయి, తెప్ప కట్టగల పెద్దలు తగ్గిపోతున్నారు. దుంగ దుంగకూ, ముడి ముడికీ వాళ్ల నోట తెలుగు పేర్లున్నాయి. సముద్రం ఒడ్డున బంధువులున్న సభ్యులు ఆ పేర్లు అడిగి రాసి పంపండి. మన సంఘం పుస్తకంలో వాటికి నాలుగు పేజీలు ఇద్దాం.