అంకె చాలని చిరునామా

గ్రామమునందు ఇండ్ల సంఖ్యలను మూఁడంకెలలోనే వ్రాయవలెనను నియమముండినచో, వేయవ యిల్లు నిలిచియున్నను దానికి ఉత్తరము చేరదు. పాత కంప్యూటరు పెద్ద హార్డుడిస్కును పూర్తిగా గుర్తింపకుండుటకుఁ గారణ మిట్టిదే.

డిస్కు 512 బైట్ల గదులుగా విభజింపఁబడి యుండెడిది. గదికి సిలిండరు, హెడ్డు, సెక్టారు అను మూఁడు గుర్తులు. బయాసు 1024 సిలిండర్లను, 63 సెక్టార్లను మించి యెఱుఁగదు, డిస్కుల ఏ.టీ.ఏ. పద్ధతి 16 హెడ్లను మించి యెఱుఁగదు. వీనిని గుణించి చూడుఁడు: సుమారు 52 కోట్ల 84 లక్షల బైట్లతో హద్దు ముగిసినది.

1994 ప్రాంతమున డిస్కులు ఈ హద్దును దాఁటఁగా, గదులకు వరుస సంఖ్యల నిచ్చు ఎల్.బీ.ఏ. పద్ధతి వ్యాపించెను. ఆ సంఖ్యకు 28 బిట్లే యుండుటచే సుమారు 13,743 కోట్ల బైట్లయొద్ద మరల గోడ యడ్డమైనది. 2002లో ఏ.టీ.ఏ.-6 ప్రమాణము 48 బిట్లను నెలకొల్పెను. ఆ యేఁటనే విండోస్ ఎక్స్‌పీ మొదటి సర్వీసుప్యాకు దానిని స్వీకరించెను.

కావునఁ బాత యంత్రమున బయాసును నవీకరించియో, 48 బిట్ల నెఱిఁగిన కంట్రోలరు కార్డు నమర్చియో, తగిన ఆపరేటింగు సిస్టమును నిలుపవలెను. అట్లుగాక పెద్ద డిస్కును ఊరక తగిలించినచో, హద్దు దాఁటిన సంఖ్య మొదటికి మరలి, పాత వ్రాఁతపైఁ గ్రొత్త వ్రాఁత పడి, దస్తావేజులు నశింపవచ్చును.

అంకెల గడులను నిర్ణయించువారు రాఁబోవు తరమునుగూడఁ దలఁపవలయును.