పెట్రోల్ తాగే బండి, హైబ్రిడ్ కారు: పొగలో తేడా ఎంత?

కారు కొనేటప్పుడు మన ఇళ్లలో ముందు అడిగే మాట ‘మైలేజీ ఎంత?’ అని. జేబు కోసం అడిగే ప్రశ్నే అయినా, గాలి లెక్క కూడా ఇందులోనే ఉంది. బండి ఎంత తాగితే అంత పొగ. ఒక లీటరు పెట్రోల్ మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. డీజిల్ అయితే 2.6 కిలోలు దాటుతుంది. లీటరు పెట్రోల్ బరువే కిలో ఉండదు కదా, ఇంత ఎలా వస్తుందనే అనుమానం చాలామందికి ఉంటుంది. మండేటప్పుడు పెట్రోల్‌లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. ఎక్కువ బరువు ఆ ఆక్సిజన్‌దే.

హైబ్రిడ్ ఎలా పనిచేస్తుంది?

ఇందులో పెట్రోల్ ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటార్, బ్యాటరీ ఉంటాయి. మామూలు కారులో బ్రేక్ వేస్తే ఆ శక్తి అంతా వేడిగా మారి వృథా అవుతుంది. హైబ్రిడ్‌లో కొంత శక్తి కరెంటుగా మారి బ్యాటరీలోకి వెళ్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది. నెమ్మదిగా కదిలేటప్పుడు చాలాసార్లు మోటారే బండిని లాగుతుంది. ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే పని లేదు.

అందుకే మెహిదీపట్నం, లక్డీకాపూల్ లాంటి ట్రాఫిక్‌లో లాభం ఎక్కువ. హైవే మీద ఒకే వేగంతో పోతే తేడా తగ్గుతుంది. టయోటా 1997 డిసెంబర్‌లో జపాన్‌లో ప్రియస్ అమ్మకం మొదలుపెట్టాక ఈ టెక్నాలజీ జనంలోకి వచ్చింది. దుబాయ్‌లో ఉన్న మనవాళ్లకు హైబ్రిడ్ ట్యాక్సీలు కొత్త కాదు.

ఏడాదికి లెక్క

ఒకే మోడల్‌లో రెండు రకాలూ దొరికే ఇన్నోవా హైక్రాస్‌ను తీసుకుందాం. కంపెనీ చెప్పే మైలేజీ పెట్రోల్ రకానికి లీటరుకు 16.13 కి.మీ., హైబ్రిడ్‌కు 23.24 కి.మీ. ఏడాదికి 15,000 కి.మీ. తిరిగితే:

- లీటరుకు 10 కి.మీ. ఇచ్చే పెద్ద పెట్రోల్ ఎస్‌యూవీ: 1,500 లీటర్లు, సుమారు 3,450 కిలోల కార్బన్ డయాక్సైడ్
- హైక్రాస్ పెట్రోల్: 930 లీటర్లు, సుమారు 2,140 కిలోలు
- హైక్రాస్ హైబ్రిడ్: 645 లీటర్లు, సుమారు 1,485 కిలోలు

రోడ్డు మీద కంపెనీ చెప్పినంత మైలేజీ రాదు. అయినా తేడా ఎటువైపు ఉందో అర్థమవుతుంది.

ముందు మార్చాల్సింది ఏ బండి?

మైలేజీ అంకెలు కాస్త మోసం చేస్తాయి. ఏడాదికి 12,000 కి.మీ. తిరిగే ఇద్దరిని చూడండి. ఒకరు లీటరుకు 8 కి.మీ. ఇచ్చే పాత బండి తీసేసి 12 ఇచ్చేది కొన్నారు. ఏడాదికి 500 లీటర్లు మిగిలాయి. ఇంకొకరు 16 ఇచ్చే కారు నుంచి 24 ఇచ్చే హైబ్రిడ్‌కు మారారు. మిగిలింది 250 లీటర్లే. అంటే ఎక్కువ తాగే బండిని ముందు మార్చితేనే గాలికి ఎక్కువ మేలు.

కార్బన్ ఒక్కటే కాదు

కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తే, నైట్రోజన్ ఆక్సైడ్లు, సన్నని మసి నేరుగా ఊపిరితిత్తుల మీద పడతాయి. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 నిబంధనలతో కొత్త డీజిల్ బండ్ల పొగ బాగా తగ్గింది. పాత బండ్లు మాత్రం ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి. స్కూల్ గేటు ముందు ఇంజిన్ ఆపకుండా నిలబెడితే ఆ పొగ పీల్చేది పిల్లలే.

హైబ్రిడ్‌లోనూ లోటు ఉంది

దాని బ్యాటరీ కోసం నికెల్, లిథియం లాంటి లోహాలు తవ్వాలి. తయారీలో వచ్చే కాలుష్యం మామూలు కారు కంటే కొంత ఎక్కువ. బండి తిరిగేకొద్దీ మిగిలే పెట్రోల్‌తో ఆ అప్పు తీరుతుంది. వారానికి ఒకసారి బయటికి తీసే కారైతే తీరడానికి చాలా ఏళ్లు పడుతుంది. పాడైన బ్యాటరీని పాత సామాన్ల వాళ్లకు అమ్మేయకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలి.

సైజు సంగతి కూడా మరవొద్దు. మామూలు పెట్రోల్ వ్యాగన్ఆర్ 1.0కు కంపెనీ చెప్పే మైలేజీ 24.35 కి.మీ. అంటే నలుగురున్న ఇంటికి చిన్న కారు చాలు. పెద్ద హైబ్రిడ్‌తో అదనంగా తగ్గే పొగ ఏమీ లేదు. ఏడెనిమిది మంది కలిసి తిరిగే ఉమ్మడి కుటుంబానికి మాత్రం రెండు కార్లు తీసే బదులు ఒక హైబ్రిడ్ మేలు.

షోరూమ్‌లో అడగాల్సింది

‘హైబ్రిడ్’ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. మైల్డ్ హైబ్రిడ్‌లో మోటార్ ఇంజిన్‌కు సాయం మాత్రమే చేస్తుంది, పొదుపు కొంచెమే. స్ట్రాంగ్ హైబ్రిడ్ కొంత దూరం పెట్రోల్ లేకుండా కదులుతుంది. ‘ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా బండి మోటార్ మీద నడుస్తుందా?’ అని అడగండి. నడవదంటే, స్ట్రాంగ్ హైబ్రిడ్ ధర ఇవ్వాల్సిన పని లేదు.