తూము దగ్గర ఎనిమిది వందల ఏళ్లు

కాకతీయుల చెరువులు అనగానే కట్ట గుర్తొస్తుంది, కట్ట కింద గుడి గుర్తొస్తుంది. నీళ్లను ఆనుకుని నిలబడే రాతి తూము ఎవరి కంటా పడదు. పొలానికి ఎన్ని నీళ్లు వదలాలి, చేపకు ఎన్ని మిగలాలి అన్నది తేలేది మాత్రం అక్కడే. చెరువు చరిత్రను తూము వైపు నుంచి చూస్తే కట్టించినవాళ్ల కన్నా కాపాడినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

కట్టించినవాళ్ల పేర్లను శాసనాలు, ఊళ్లు దాచిపెట్టాయి. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తి సముద్రాన్ని తవ్వించింది. అక్కడ వేయించిన శాసనమే కాకతీయుల వంశక్రమానికి ఒక ముఖ్య ఆధారం. భూపాలపల్లి జిల్లా గణపురం చెరువు, కోటగుళ్లు గణపతిదేవుని కాలాన్ని గుర్తుచేస్తాయి. 1213లో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు రామప్ప గుడి కట్టించాడు. 2016 నుంచి 2019 దాకా భూపాలపల్లి జిల్లాలో ఉన్న ఆ చోటు ఇప్పుడు ములుగు జిల్లాలోది. 2021లో యునెస్కో గుర్తింపు గుడికి వచ్చింది. ఆ గుడి పక్కనే ఉన్న చెరువు నేటికీ పొలాలకు నీళ్లిస్తోంది.

ఇన్ని వందల ఏళ్లు చెరువులు నిలవడానికి రాజుల దానం ఒక్కటే చాలలేదు. చెరువు కట్టినా, బాగుచేసినా దాని కింద భూమిలోనో పంటలోనో పదో వంతు దాకా ముట్టే దశబంధం ఉండేది. తూము తీసి మూసే నీరటికి పంటలో వాటా. వల వేసే గంగపుత్రులకు, ముదిరాజులకు చేపే బతుకు. తూము దగ్గర నీరు కారితే నష్టపోయేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు కాబట్టి మరమ్మతు ఆగేది కాదు. 1323లో కాకతీయుల రాజధాని ఓరుగల్లు పడిపోయినా చెరువులు పడిపోలేదు.

ఆధునిక కాలంలో మరమ్మతు సర్కారు పనైంది. బోర్లు వచ్చాక రైతు చూపు చెరువు నుంచి మళ్లింది. వాన తక్కువైన జనగామ వైపు కుంటలు పూడికతో నిండాయి. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చినా ఓటు భూమి ఉన్న ఆయకట్టుదారులదే. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువులను ఐదు విడతల్లో బాగుచేయాలని లక్ష్యం పెట్టుకుంది. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములు, మత్తళ్లు సరిచేశారు. తీసిన ఒండ్రును రైతులు ట్రాక్టర్లలో చేలకు తోలుకున్నారు. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు భీంఘన్‌పూర్ మీదుగా జనగామ ప్రాంతం దాకా చేరాయి. 2016 నుంచి మత్స్య సహకార సంఘాలకు ఉచితంగా చేపపిల్లలు ఇచ్చారు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ ఊరి చెరువుల్లో పెరిగాయి.

ఇంత చేశాక కూడా పాత తగువు తీరలేదు. యాసంగి పైరు ఎండుతుంటే రైతు తూము తీయమంటాడు. చేప ఎదగాలంటే అడుగున నీరు మిగలాలని మత్స్యకారుడు అడుగుతాడు. ఇద్దరి మాటా న్యాయమే. చెరువు మీద రోజూ తిరిగేది మాత్రం వల ఉన్నవాడే. కట్టకు బుంగ పడితే ముందు చూసేదీ అతనే. పూడిక తీతకు బడ్జెట్ పెట్టినట్టే, నీరు ఏ మట్టం దాకా వదలాలో తేల్చే కూటంలో మత్స్య సంఘానికి ఓటు కూడా ఇవ్వాలి. దశబంధం చేసిన పని అదే: కాపలా కాసేవాడికి చెరువులో వాటా ఇచ్చింది.