అద్దె ఇల్లు, పెంపుడు జంతువు: కామవరపుకోట మెట్ట నుంచి ఏలూరు వాటాల దాకా

ఏలూరుకు ఉత్తరాన ఉన్న కామవరపుకోట మెట్టలో పాతకాలపు ఇంటి స్థలంలో పెద్ద భాగం పశువులదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి నీళ్లు డెల్టా పొలాలకు పారాయి గాని, మెట్టకు ఎక్కలేదు. ఇక్కడి సేద్యం వానలు, చెరువులు, నూతుల మీదే సాగింది. దున్నడానికి, మోట తోలడానికి ఎద్దులు కావాలి. చేలకు పెంట కావాలి. అందుకే ఇంటి వెనక దొడ్డి, దొడ్లో గొడ్లపాక, గడ్డిమేటు, ఓ పక్క కోళ్ల గూడు ఉండేవి. గాదె దగ్గర ఎలుకల బెడద ఉంటుంది కాబట్టి పిల్లిని ఎవరూ తరిమేవారు కాదు. మిగిలిన అన్నం తిని, రాత్రిళ్లు కళ్లానికీ గొడ్లపాకకూ కాపలా కాసే కుక్కకు మాత్రం గుమ్మం బయటే చోటు.

ఇలాంటి ఊళ్లో సొంత స్థలం లేనివారు జంతువును పెంచుకోవడానికి యజమాని అడ్డుపడే సందర్భం తక్కువ. రైతు స్థలంలో పాక వేసుకున్న కుటుంబానికి ఆ రైతే పెయ్యను సగపాలుకు ఇచ్చేవాడు. పెంచిన కష్టం వారిది, పెట్టుబడి రైతుది, ఫలితం ఇద్దరిదీ. కోతలయ్యాక పొలంలో మంద కట్టించుకోవడం ఇంకో ఆనవాయితీ. రాత్రిపూట గొర్రెలను తన చేలో నిలిపినందుకు భూమి యజమానే కాపరికి ధాన్యమో డబ్బో ముట్టజెప్పేవాడు. జంతువు ఉండటం వల్ల స్థలం విలువ పెరిగేది. తగవు వచ్చేదల్లా గొడ్డు పంటలో పడినప్పుడు. 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం కింద అలాంటి గొడ్లను బందెలదొడ్డికి తోలేవారు. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి.

పట్నంలో లెక్క మారింది. ఏలూరు 1866లో మున్సిపాలిటీ అయింది. 1893 నాటికి తూర్పు తీరపు రైలు మార్గం వచ్చింది. తర్వాత జనపనార మిల్లు వెలిసింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరే దాని కేంద్రమైంది. మిల్లు కూలీలు, గుమాస్తాలు, కోర్టు పక్షులు, చదువుకునే పిల్లలు వచ్చి చేరడంతో పెద్ద ఇళ్లు వాటాలుగా చీలాయి. నుయ్యి ఒకటే, దొడ్డి ఒకటే, గోడ ఒకటే. ఒక వాటావారి ఆవు పేడ, కోడిపుంజు కూత మిగిలిన వాటాలవారందరి సంగతి అయ్యాయి. 1920 మద్రాసు జిల్లా మున్సిపాలిటీల చట్టం పట్టణాల్లో జంతువుల పెంపకాన్ని పారిశుధ్యం కింద చేర్చి నియంత్రించింది. గొడ్లపాకను ఇంటి ఆస్తిగా కాక, ఇరుగుపొరుగుకు ఇబ్బందిగా చూసే దృష్టి అక్కడ మొదలైంది.

అద్దె చట్టాల్లో మాత్రం జంతువు ప్రస్తావన రాలేదు. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ అద్దెదారు ఇంటిని మామూలు అరుగుదల తప్ప మంచి స్థితిలో ఉంచాలని, వివేకం గలవాడు తన సొంత ఆస్తిని వాడుకున్నట్టు వాడుకోవాలని చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో మొదలైన అద్దె నియంత్రణ, 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల కౌలు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టంగా స్థిరపడింది. దాని పదో సెక్షన్ ఖాళీ చేయించడానికి కారణాలను లెక్కపెట్టింది: అద్దె బకాయి, అనుమతి లేని ఉప అద్దె, కట్టడం విలువ తగ్గేలా పాడుచేయడం, అదే భవనంలోని ఇతరులకో ఇరుగుపొరుగుకో ఇబ్బంది కలిగించడం వంటివి. కుక్కను పెంచడం అందులో లేదు. పెంచిన కుక్క వల్ల తలుపులు పాడైతే, పక్కవారికి నిద్ర లేకపోతే అప్పుడే ఆ సెక్షన్ పనికొచ్చేది.

జంతు హింస నివారణ చట్టం కూడా 1960లోనే వచ్చింది. ఆకలిదప్పులతో అలమటించే స్థితిలో, సరైన కారణం లేకుండా జంతువును వదిలేయడాన్ని అది నేరమన్నది. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. ఇల్లు ఖాళీ చేస్తూ కుక్కను వీధిలో వదిలేసేవారికి ఇది వర్తిస్తుంది. సంక్రాంతి బరి కోసం డేగ, కాకి, నెమలి వంటి పేర్లున్న పందెం పుంజులను కట్టేసి మేపేవారికీ ఇదే చట్టం హద్దు గీసింది. కోడిని పెంచుకోవచ్చు, పందెంలోకి దించకూడదు.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రధానంగా నగరాలకు, మున్సిపాలిటీలకు వర్తించేది. పంచాయతీగా ఉన్న కామవరపుకోట వంటి ఊళ్లలో ఆస్తి బదిలీ చట్టం, ఇద్దరి మధ్య మాట ఇవే ఆధారంగా ఉండేవి. 1985లో మండలాలు ఏర్పడ్డాక ఇలాంటి కేంద్రాలకు బయటి ఊళ్ల నుంచి ఉద్యోగులు రావడం పెరిగింది. యజమాని కింద ఉండి, పైవాటా అద్దెకిచ్చే డాబా ఇళ్లు వచ్చాయి. ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని 1908 చట్టం ప్రకారం రిజిస్టరు చేయాలి కాబట్టి పదకొండు నెలల కాగితం వాడుకలోకి వచ్చింది. జంతువులు ఉంచరాదన్న షరతు చేరేది ఆ కాగితంలోనే. యజమానుల అభ్యంతరాలు కొన్ని ఖర్చువి: మూత్రం వాసన, తలుపుల మీద గీతలు, కాటు పడితే వచ్చే తంటా. కొన్ని ఆచారానివి: కుక్క గుమ్మం దాటకూడదన్న పట్టింపు, దాని కోసం మాంసం వండుతారన్న జంకు.

అపార్టుమెంట్ల కాలంలో తగవు మూడోవారి చేతిలోకీ వెళ్లింది. మెజారిటీ తీర్మానంతో కూడా నివాసుల సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. అవి సంఘాలను ఉద్దేశించినవి. యజమానికీ అద్దెదారుకూ మధ్య రాసుకున్న షరతు వేరే విషయం. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసానికి అడ్వాన్సును రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది గాని, జంతువుల గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు.

కొన్ని దేశాలు ఈ ఖాళీని పూరించాయి. ఫ్రాన్స్ 1970లోనే నివాస గృహాల్లో పెంపుడు జంతువులను నిషేధించే షరతు చెల్లదన్నది, ప్రమాదకరమైన కుక్కలకు తర్వాత మినహాయింపు పెట్టింది. కెనడాలోని ఒంటారియో 2006 చట్టమూ అలాంటి షరతును రద్దు చేసింది. కుక్కలను, పిల్లులను గంపగుత్తగా నిషేధించే అచ్చు ఒప్పందం చెల్లదని జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2013లో తీర్పిచ్చింది. అయితే ప్రతి సందర్భంలోనూ ఇరుపక్షాల ప్రయోజనాలను తూచి నిర్ణయించాలన్నది. ఇంగ్లండులో 2025 చట్టం అద్దెదారుకు అనుమతి అడిగే హక్కునిచ్చి, అకారణంగా కాదనడానికి వీల్లేకుండా చేసింది.

ఈ చట్టాల్లో చాలావాటికీ, 1960 నాటి మన అద్దె చట్టానికీ కొలమానం ఒకటే: ఇంటికి నష్టం, పొరుగుకు ఇబ్బంది. జంతువు ఉందా లేదా అన్నది కాదు. ఆ లెక్కన పూర్తి నిషేధం కన్నా వివరమైన షరతులే ఇద్దరికీ మేలు: ఏ జంతువు, ఎన్ని, రేబిస్ టీకా ఎప్పుడెప్పుడు, పాడైన తలుపుకు, సున్నానికి అడ్వాన్సులో ఎంత కోత, పొరుగు నుంచి ఫిర్యాదు వస్తే ఎంత గడువు. సగపాలు పెయ్య విషయంలో కష్టం, ఖర్చు, ఫలితం ఎవరివో ముందే తేల్చుకున్న ప్రాంతానికి ఇలాంటి ఒప్పందం కొత్తదేమీ కాదు.