తెగని కత్తి గెలిచిన కథ

ఇంగ్లండులో షెఫీల్డు అనే ఊరుంది. కొన్ని వందల ఏళ్లపాటు కత్తులు చేసి బతికిన ఊరు. అక్కడి పనివాళ్లు హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రజ్ఞుడికి ఒక ఎగతాళి పేరు పెట్టారు: ‘తెగని కత్తులు కనిపెట్టినాయన’ అని. ఇవాళ మన వంటిళ్లలో ఉల్లిపాయ తరిగే చాకుల్లో చాలాభాగం ఆయన కనిపెట్టిన ఉక్కు సంతతే. వంద, రెండొందల్లో రోజూ వాడుకునే చిన్న కత్తి ఏది కొనాలి అని ఎవరైనా అడిగితే, జవాబు ఈ ఎగతాళి దగ్గర మొదలుపెట్టాలి. ఎందుకంటే ఆ పనివాళ్లు చెప్పింది పూర్తిగా తప్పు కాదు.

బ్రియర్లీకి ముందు కత్తి అంటే కార్బన్ ఉక్కు కత్తే. బాగా పదునెక్కుతుంది. కానీ తడి తగిలితే తుప్పు, పులుపు తగిలితే నలుపు. నిమ్మకాయ కోస్తే ముక్కకి ఇనుము రుచి అంటుకునేది. అందుకే యూరప్‌లో డబ్బున్నవాళ్లు పళ్లకీ చేపలకీ వెండి కత్తులు వేరే పెట్టుకునేవాళ్లు. మిగతా కత్తుల్ని వాడిన ప్రతిసారీ ఇటుక పొడితో రుద్ది తోమాలి. పెద్ద ఇళ్లలో ఈ పనికే ఒక కుర్రాణ్ణి పెట్టుకునేవాళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో కత్తులు తోమడానికి ప్రత్యేకంగా యంత్రాలు కూడా అమ్మారంటే, అదెంత చాకిరీయో ఊహించుకోవచ్చు.

మన దగ్గర ఇదే చాకిరీ కత్తిపీట చుట్టూ ఉండేది. చెక్క పీటకు బిగించిన వంపు తిరిగిన ఇనుప కత్తి. పీటను కాలితో తొక్కిపట్టి నేలమీద కూర్చుంటే రెండు చేతులూ ఖాళీ. కత్తి కదలదు, కూరగాయే కత్తి మీదికి పోతుంది. గుమ్మడికాయ దగ్గర్నుంచి గోరుచిక్కుడు దాకా అన్నిటికీ అదొక్కటే. బెంగాలీలకు బోటి, తమిళులకు అరువామణై ఇలాంటివే. కానీ ఇనుము ఇనుమే కదా. అరటికాయ, వంకాయ తరిగితే ముక్కలు తొందరగా నల్లబడతాయి, నీళ్లలోనో మజ్జిగలోనో వేయాలి. తరగడం అయిపోగానే కత్తిపీట కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. ఈ పని ఎవరిదో ఎవరూ అడగలేదు. వండేవాళ్లదే.

తమాషా ఏంటంటే, ఉక్కు కథలో మన తెలుగు నేలకి పెద్ద వాటానే ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘వూట్జ్’ అన్నారు. మన ‘ఉక్కు’ అనే మాటే వాళ్ల నోట్లో అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. లండన్‌లో శస్త్రచికిత్స కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌కి ఈ ఉక్కంటే ఎంతో ఇష్టం. దాని గుట్టు పట్టుకోవాలని ఆయన మైకేల్ ఫారడేతో కలిసి ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశాడు. ఆ ప్రయోగాలు 1820లో అచ్చయ్యాయి. మరుసటేడే ఫ్రాన్సులో పియెర్ బెర్తియే ఇనుములో క్రోమియం కలిపితే కొన్ని ఆమ్లాలకు లొంగదని గమనించి, కత్తులకు పనికొస్తుందని కూడా సూచించాడు. కానీ దాన్ని పెళుసు లేకుండా చేయడం అప్పటికి ఎవరివల్లా కాలేదు. ఆ మాట అలాగే తొంభై ఏళ్లు పడుంది.

1913లో బ్రియర్లీ వెతికింది వంటింటి కత్తి కోసం కాదు. తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం. సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ముక్కను పరీక్ష కోసం ఆమ్లంలో పెడితే అది చెక్కుచెదరలేదు. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనపడనంత పల్చని పొర కడుతుంది. గీత పడ్డా ఆ పొర మళ్లీ తనే కట్టుకుంటుంది. బ్రియర్లీ దీన్ని ‘తుప్పు పట్టని ఉక్కు’ అన్నాడు. ఎర్నెస్ట్ స్టువర్ట్ అనే కత్తుల కార్ఖానా మేనేజరు వెనిగర్‌తో పరీక్షించి చూసి ‘స్టెయిన్‌లెస్’ అన్నాడు. ఆ పేరే నిలిచింది.

మరి తెగలేదెందుకు? ఈ ఉక్కు గట్టిపడాలంటే పాత ఉక్కుకన్నా బాగా ఎక్కువ వేడి కావాలి. పనివాళ్లు తమకు అలవాటైన వేడిలోనే కాల్చి చల్లార్చారు. కత్తి మెత్తగా వచ్చింది. తప్పు లోహానిది కాదు, కొలిమిది. ఆ కిటుకు పట్టుబడ్డాక కూడా మంచి కార్బన్ ఉక్కుతో పోలిస్తే చౌకరకం స్టెయిన్‌లెస్ తొందరగానే మొద్దుబారేది. అయినా గెలిచింది. కారణం పదును కాదు, రుద్దే పని తప్పడం. స్విట్జర్లాండులో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కత్తుల దుకాణానికి ఆయన తల్లి విక్టోరియా పేరుండేది. దానికి 1921లో స్టెయిన్‌లెస్‌కి ఫ్రెంచి మాట ‘ఇనాక్స్’ తగిలించి విక్టోరినాక్స్ అన్నారు. తుప్పు పట్టకపోవడం కంపెనీ పేరులో పెట్టుకునేంత గొప్ప సంగతి అన్నమాట.

చౌక కావడం తర్వాతి మెట్టు. సుత్తితో సాగగొట్టే బదులు ఉక్కు రేకులోంచి కత్తి ఆకారాన్ని అచ్చుతో కత్తిరించి, యంత్రంమీద సానపట్టి, ప్లాస్టిక్ పిడి పోయడం మొదలైంది. మన ఇళ్లలోనూ పొయ్యి నేలమీంచి గట్టుమీదికి ఎక్కింది. నిలబడి వండే చోట కత్తిపీటకు జాగా లేదు. చాకు దాని చోటు తీసుకుంది.

ఇప్పుడు దుకాణానికి వెళ్దాం. చిన్న కత్తికి ‘ఫోర్జ్‌డ్’ అనే మాట చూసి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. రేకులోంచి కత్తిరించిన పల్చని కత్తే చిన్న పనులకు హాయి. అల్లం, మిరపకాయ, బంగాళాదుంప తొక్క, వీటికి 8 నుంచి 10 సెంటీమీటర్ల బ్లేడు, తిన్నని అంచు చాలు. టమాటాలు ఎక్కువ కోస్తారా, పళ్ల అంచు కత్తి ఇంకోటి కొనుక్కోండి. మొద్దుబారినా తొక్కను పట్టుకుంటుంది, కానీ ఇంట్లో పదును పెట్టడం కష్టం. పిడి తడిచేతిలో జారకూడదు. పిడికీ బ్లేడుకీ మధ్య సందు ఉండకూడదు, మురికి చేరేది అక్కడే.

మిగిలిన డబ్బుతో ఒక సానరాయి కొనండి. చౌక కత్తిలో ఉక్కు మెత్తన, అందుకే తొందరగా మొద్దుబారుతుంది, అందుకే నాలుగు రుద్దులకే పదునెక్కుతుంది కూడా. రాయి లేకపోతే పింగాణీ కప్పు అడుగున గరుకుగా ఉండే అంచు కూడా పనికొస్తుంది. గ్రానైటు గట్టుమీదా స్టీలు పళ్లెంలోనూ తరక్కండి. ఎంత ఖరీదు కత్తయినా అక్కడ వారంలో చస్తుంది. మొండి కత్తి జారి వేలు తెగుతుందే తప్ప కూరగాయ తెగదు.

షెఫీల్డు పనివాళ్ల ఫిర్యాదు నిజానికి సాన పట్టని ప్రతి కత్తికీ వర్తిస్తుంది. స్టెయిన్‌లెస్ వచ్చి తోమే చాకిరీ తీసేసింది, పదును పెట్టే పని మాత్రం మిగిల్చింది. వీధుల్లో సైకిలుమీద సానచక్రం తిప్పుకుంటూ వచ్చే మనిషి ఇప్పుడు చాలా చోట్ల కనపడడు. కాబట్టి అది ఇంట్లోనే జరగాలి. పది రోజులకోసారి అయిదు నిమిషాలు పడుతుంది. వండేవాళ్లే చేయాలని ఏమీ లేదు.